గుంటకో గడి: మానేటి ఒడ్డును ఆకాశం నుంచి చదివే పనితనం

రాజన్న సిరిసిల్ల జిల్లాలో వీర్నపల్లి అడవి పట్టు మండలం. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ. వాటి నడుమ తండాలు. తండాల దిగువన వాగులు. ఇక్కడ కురిసిన వాన ఏ వాగు పట్టుకుని దిగినా చివరికి మానేరులోనే కలుస్తుంది. ఆ వాగుల అంచున, మానేటి ఒడ్డున సన్నని చెట్లవరుస ఒకటి సాగుతుంటుంది. తెల్లమద్ది, కానుగ, నేరేడు, మేడి, ఈత. ఒడ్డు కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచేది ఆ వరుసే. చేల నుంచి జారే ఎరువునీళ్లను వడగట్టేదీ, నీటి మీద నీడ పరిచేదీ, మండువేసవిలో పశువుకూ పక్షికీ దిక్కయ్యేదీ అదే. అయినా లెక్కల్లో దానికి సరైన చోటు లేదు. కొంత అడవి ఖాతాలోకి పోతుంది, కొంత పొలం ఖాతాలోకి పోతుంది, మిగిలింది ఎవరి ఖాతాలోకీ రాదు.

ఈ వరుస బాగుందా, చిక్కిపోతోందా అన్నది తెలుసుకోవాలంటే వాగు పొడవునా నడవాలి. ఒక వాగుకైతే నడవవచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వాగులన్నిటికీ, ఏడాదికి నాలుగుసార్లు, పదేళ్లపాటు నడవడం ఎవరివల్లా కాదు. అందుకే ఉపగ్రహ చిత్రాలు కావలసి వచ్చాయి. చిత్రం దొరకడం ఇప్పుడు కష్టం కాదు, చాలావాటికి పైసా ఖర్చు కూడా లేదు. కష్టమంతా దాన్ని చదవడంలో ఉంది. సిరిసిల్లలో బట్ట తెలిసినవాళ్లు సాంచా మీద నుంచి దిగిన గుడ్డను ముందు తిరగేసి వెనకవైపు చూస్తారు. ముడులు, తెగిన పోగులు అక్కడే బయటపడతాయి. నది ఒడ్డు పచ్చదనం మీద తయారయ్యే మ్యాపును కూడా అలాగే తిరగేసి చూడాలి. చూస్తే, మంచి మ్యాపు వెనక దాగిన పనితనం ముచ్చట గొలుపుతుంది. ఆ పనితనానికి మూలసూత్రం ఒకటే: పచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ ఆరోగ్యమని నమ్మకూడదు, ఎండినట్టు కనిపించిన ప్రతిదాన్నీ జబ్బని రాయకూడదు.

ఎర్రగా కనిపించే ఆకు

ఆకు మన కంటికి పచ్చగా కనిపించేది ఎండలోని నీలాన్నీ ఎరుపునూ పత్రహరితం మింగేసి, ఆకుపచ్చను కొంత వెనక్కి పంపుతుంది గనక. మన కంటికి అందని ఇంకో సంగతి కూడా ఉంది. ఎరుపు దాటాక వచ్చే సమీప పరారుణ కాంతి ఆకుకు అక్కర లేదు. ఆకు లోపలి మెత్తని కణాల పొరల్లో, వాటి మధ్య గాలి సందుల్లో ఆ కాంతి అటూ ఇటూ చెదిరి, సగం దాకా తిరిగి పైకే వెళ్లిపోతుంది. ఆకు బలంగా ఉన్నప్పుడు ఎరుపు దాదాపు తిరిగి రాదు, పరారుణం దండిగా వస్తుంది. ఆకు నీరసించినప్పుడు పత్రహరితం తగ్గి ఎరుపు ఎక్కువగా తిరిగొస్తుంది, కణాల అమరిక చెదిరి పరారుణం తగ్గుతుంది. చెట్టు కిందినుంచి చూసే మనిషికి ఇంకా పచ్చగానే అనిపిస్తున్న దశలో కూడా ఈ తేడా మొదలై ఉండవచ్చు.

దీన్ని మన దేశంలో మొదట వాడి చూపించింది కొబ్బరి చెట్ల మీద. 1970 ప్రాంతంలో, భారత దూరసంవేదనకు ఆద్యుడిగా చెప్పుకునే పి.ఆర్. పిషరోటి బృందం కేరళలో హెలికాప్టర్ ఎక్కి, పరారుణ కాంతిని పట్టే ఫిల్ముతో కొబ్బరి తోటల ఫొటోలు తీసింది. వేరువిల్టు తెగులు సోకిన చెట్ల తలలు ఆ ఫొటోల్లో మిగతావాటి నుంచి వేరుగా తేలాయి. ఆ తరహా ఫిల్మును రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువులు దాక్కున్న చోట్లను పట్టుకోవడానికి తయారు చేశారు: కోసి కప్పిన కొమ్మకూ, బతికి ఉన్న కొమ్మకూ తేడాను అది ఇట్టే చూపేది. యుద్ధానికి పుట్టిన పరికరం మన దగ్గర మొదట కొబ్బరి రైతుకు పనికొచ్చింది.

ఉపగ్రహ చిత్రాల్లో నేటికీ అదే రంగుల పద్ధతి నడుస్తోంది. పరారుణానికి ఎరుపు రంగు, ఎరుపుకు ఆకుపచ్చ, ఆకుపచ్చకు నీలం అద్దుతారు. అలా వచ్చిన చిత్రంలో చెట్లు ఎర్రగా, లోతైన నీళ్లు నల్లగా, బురదనీళ్లు లేత నీలంగా, మానేటి ఇసుక తెల్లగా కనబడతాయి. కొత్తగా చూసేవారికి ఇది వింతగా ఉంటుంది. అలవాటైన కంటికి మాత్రం ఆ ఎరుపులోనే నాలుగైదు రకాలు తెలుస్తాయి. వరి మడి ఎరుపు చదునుగా, నున్నగా ఉంటుంది. జగిత్యాల మామిడి తోట ఎరుపు చతురస్రాల్లో, వరుస చుక్కలుగా ఉంటుంది. వాగు ఒడ్డు ఎరుపు గరుకుగా, ముద్దముద్దగా, వాగుతోపాటు మెలికలు తిరుగుతూ పోతుంది. రంగుతోపాటు గరుకుదనం, ఆకారం, వరుస, నీడ, పక్కన ఏముందన్న సంగతి అన్నీ కలిపి చదవడం పాత తరం విశ్లేషకుల విద్య. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ విద్య ఎక్కడికీ పోలేదు.

చిన్న భాగహారం, పెద్ద తెలివి

1972 జులై 23న అమెరికా మొదటి లాండ్‌శాట్‌ను పంపింది. దాని చిత్రాలతో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో రౌజ్, ఆయన సహచరులు మహామైదానాల గడ్డిభూముల పచ్చదనాన్ని కొలవబోయారు. దక్షిణాన సూర్యుడి ఎత్తు ఒకటి, ఉత్తరాన మరొకటి. అదే గడ్డి ఒకచోట మెరుస్తుంది, ఇంకోచోట మసకబారుతుంది. దానికి వాళ్లు కట్టిన లెక్క చాలా చిన్నది. పరారుణం నుంచి ఎరుపును తీసేయాలి. వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. దీన్నే ఎన్‌డీవీఐ అంటారు. జవాబు ఎప్పుడూ మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్యనే ఉంటుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నిండుగా ఆకున్న మద్దిచెట్టు ఎరుపులో 4 శాతం, పరారుణంలో 40 శాతం కాంతిని తిప్పి పంపిందనుకుందాం. 36ని 44తో భాగిస్తే 0.82. అదే చెట్టు మీద సన్నని నీడ పడి రెండు కాంతులూ సగానికి తగ్గాయనుకుందాం: 2, 20. ఇప్పుడు 18ని 22తో భాగించాలి. మళ్లీ 0.82 వస్తుంది. వెలుతురు సగమైనా జవాబు మారలేదు. సూర్యుడి ఎత్తు, కొండ వాలు, పలచని నీడ వంటివి చాలావరకు ఆ భాగహారంలోనే కొట్టుకుపోతాయి. ఇప్పుడు అదే చెట్టు నిజంగా నీరసించి ఎరుపు 10కి పెరిగి, పరారుణం 30కి తగ్గిందనుకుందాం. 20ని 40తో భాగిస్తే 0.5. నీడకు కదలని అంకె జబ్బుకు కదిలింది. యాభై ఏళ్లు దాటినా ఈ సూత్రాన్ని ఎవరూ పక్కన పెట్టలేకపోయారంటే కారణం ఇదే.

దీనికి హద్దులు కూడా ఉన్నాయి. ఆకు దట్టమయ్యే కొద్దీ అంకె పైన ఒకచోట ఆగిపోతుంది. దట్టమైన తోపుకూ, ఇంకా దట్టమైన తోపుకూ తేడా చూపదు. అందుకని ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాల్లో ఎరుపుకూ పరారుణానికీ మధ్య అంచున మూడు ప్రత్యేక పట్టీలు పెట్టారు. పత్రహరితం తగ్గడం మొదలైతే ముందుగా కదిలేది ఆ అంచే. మన రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరాలో 1.55 నుంచి 1.70 మైక్రాన్ల మధ్య ఇంకో పట్టీ ఉంది. ఆకులోని నీరు ఆ కాంతిని పీల్చుకుంటుంది. ఆకు ఎండే కొద్దీ ఆ పట్టీలో మెరుపు పెరుగుతుంది. ఒడ్డు చెట్టు విషయంలో దాహాన్నీ రంగునూ విడివిడిగా అడగవచ్చన్నమాట.

గుంట లెక్క

ఉపగ్రహ చిత్రం గడుల కూర్పు. ఒక్కో గడికి ఒక్కో అంకె. ఆ గడి ఎంతన్నది మన నేల కొలతలో చెప్పుకుంటే విషయం వెంటనే తెలుస్తుంది. సెంటినెల్-2 గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే 100 చదరపు మీటర్లు. గుంట అంటే 121 చదరపు గజాలు, సుమారు 101 చదరపు మీటర్లు. దాదాపు గుంటకో గడి. లాండ్‌శాట్ 30 మీటర్ల గడి తొమ్మిది గుంటలు. లిస్-3 గడి 23.5 మీటర్లు గనక ఐదున్నర గుంటలు. లిస్-4 కెమెరా 5.8 మీటర్ల గడి గుంటలో మూడో వంతు. రిసోర్స్‌శాట్‌లోనే ఉన్న ఏవైఫ్స్ కెమెరా గడి 56 మీటర్లు, అంటే ముప్పై ఒక్క గుంటలు, ముప్పావు ఎకరం పైమాట.

ఎకరాల కొద్దీ అడవికి ముప్పావు ఎకరం గడి చాలు. పది, ఇరవై మీటర్ల వెడల్పున్న ఒడ్డు వరుసకు అది పనికిరాదు. లిస్-3 గడి కూడా ఆ వరుస కంటే వెడల్పే. అప్పుడు ఒకే గడిలో కొంత చెట్టు, కొంత ఇసుక పడతాయి. ఇందాకటి మద్దిచెట్టు సగం, ఎరుపులో 25, పరారుణంలో 30 చూపే ఇసుక సగం కలిపితే ఎరుపు 14.5, పరారుణం 35. భాగిస్తే 0.41. నిక్షేపంగా ఉన్న చెట్టు జబ్బు చెట్టు కంటే కిందికి పడిపోయింది. జబ్బు చెట్టుది కాదు, గడిది.

నైపుణ్యం ఉన్న విశ్లేషకుడు ఇక్కడ ఆగుతాడు. వరుస వెడల్పు కొలిచి, దానికి తగిన గడిని ఎంచుకుంటాడు. అంచున సగం సగం పడ్డ గడులను తీసేసి, పూర్తిగా చెట్ల మీదే ఉన్న గడులతోనే తీర్పు చెబుతాడు. అవి చాలకపోతే గడిలో ఎంత భాగం చెట్టో, ఎంత భాగం ఇసుకో అంచనా కట్టి విడదీస్తాడు. రెండూ కుదరని చోట ఏ రంగూ వేయకుండా ఖాళీగా వదిలేస్తాడు. మ్యాపులో ఆ ఖాళీలు చూసినప్పుడు చేసినవారి మీద గౌరవం పెరుగుతుంది. అన్ని గడులూ నింపడం సులువు, నింపకుండా ఉండటానికి ధైర్యం కావాలి.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి దేశ అడవుల నివేదికలు వెలువరిస్తోంది. లిస్-3 చిత్రాలతో వేసే ఆ మ్యాపుల్లో ఒక హెక్టారు కంటే చిన్న తోపును అడవి విస్తీర్ణంగా చూపరు. వాగు వెంట సాగే సన్నని వరుసల్లో చాలాభాగం ఆ జల్లెడలోంచి జారిపోతుంది. ఆ సంస్థకు ఈ సంగతి తెలుసు. అందుకే అడవి బయటి చెట్లను గుంపుగా ఉన్నవి, గీతలా సాగేవి, విడివిడిగా ఉన్నవి అని మూడుగా చేసి, ఇంకా సూక్ష్మమైన చిత్రాలతోనూ నేల మీది నమూనాలతోనూ వేరే లెక్క కడుతుంది. తన మ్యాపులో పట్టనిదాన్ని తానే గుర్తించి, దానికి మరో కొలత పెట్టడం కూడా పనితనమే.

ఏ నెల చిత్రం?

మానేటి ఒడ్డు చదవడానికి అక్టోబరు చిత్రం తీసుకుంటే అంతా ఎరుపే. వానాకాలం వరి, అడవి, పొద, గట్టు మీది గడ్డి అన్నీ ఒకటే మంట. ఏదీ విడదీయలేం. ఫిబ్రవరి తీసుకుంటే అడవిలో టేకు ఆకు రాల్చి బోసిగా ఉంటుంది. తెలియనివారు దాన్ని జబ్బని రాసేస్తారు. ఉత్తర తెలంగాణ అడవి ఆకు రాల్చే అడవి. వేసవిలో బోడిగా నిలబడి, జూన్ వానలకు చిగురించడం దాని సహజ గుణం. దాన్ని ఎప్పుడూ పచ్చగా ఉండే అడవుల కొలబద్దతో కొలిస్తే ప్రతి ఏప్రిల్‌లోనూ చచ్చిపోయినట్టే తేలుతుంది.

ఈ చిక్కును విప్పేది తేదీ ఎంపిక. ఈ ప్రాంతంలో యాసంగి వరి కోతలు చాలావరకు ఏప్రిల్ నుంచి మే మొదటి వారాల్లోగా అయిపోతాయి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు అంతకు ముందే తవ్వి ఉంటారు. టేకు, నల్లమద్ది ఇంకా చిగురించవు. ఆకాశంలో మబ్బు తక్కువ. ఒడ్డు చెట్ల సంగతి మాత్రం వేరు. తెల్లమద్ది, కానుగ కూడా వేసవి మొదట్లో ఆకు రాలుస్తాయి, కానీ వాటి వేళ్లకు వాగు అడుగున తడి అందుతుంది. అందుకని వాన కోసం కాచుకోకుండా ముందే కొత్త ఆకు తొడుగుతాయి. మే చిత్రంలో గోధుమరంగు నేల మీద వాగు వెంట ఒక ఎర్రని తీగ మిగిలితే, మన వరుస అదే.

దానితో పని తీరలేదు. మామిడి తోటలు కూడా మేలో పచ్చగానే ఉంటాయి. వాటిని చతురస్రాల ఆకారం, వరుస చుక్కలు పట్టిస్తాయి. అప్పుడు ఒడ్డు వరుసకు అసలైన ప్రశ్న వేయవచ్చు: ఈ ఏడాది చిగురు ఏ వారంలో వచ్చింది? నిరుటి కంటే ఆలస్యమా? పలచనా? ఇసుక తవ్వకం వల్ల వాగు అడుగు కుంగి భూగర్భ జలం దిగిపోతే వేళ్లకు తడి అందదు. అప్పుడు చిగురు ఆలస్యం కావడానికీ, పలచబడటానికీ ఆస్కారం ఉంది. ఒక్క రోజు అంకె కంటే చిగురు వచ్చిన తేదీ చెప్పే కబురు ఎక్కువ. సెంటినెల్-2 జంట 2015, 2017లలో పైకి వెళ్లాక ఒకే చోటును ఐదు రోజులకోసారి చూడటం వీలైంది. ఉదయం పదిన్నర ప్రాంతంలో, దాదాపు ఒకే ఎండలో అవి దాటిపోతాయి. తేదీ పట్టుకోవడం అందువల్లే సాధ్యమవుతోంది.

వెనక్కి చూడటానికి లాండ్‌శాట్ భాండాగారం ఉంది. 1984లో పైకెళ్లిన లాండ్‌శాట్-5 ఇరవై ఎనిమిదేళ్లకు పైగా పనిచేసింది. 2008లో అమెరికా భూగర్భ సర్వే ఆ చిత్రాలన్నిటినీ ఉచితం చేశాక ప్రపంచమంతటా నదుల చరిత్రలు తిరగరాయడం మొదలైంది. 1984 నుంచి 2015 దాకా ముప్పై లక్షల లాండ్‌శాట్ చిత్రాలు జల్లించి, భూమి మీద ఏ గడిలో ఎన్నాళ్లు నీళ్లున్నాయో చెప్పే మ్యాపును 2016లో ఐరోపా పరిశోధకులు ప్రచురించారు. ఒడ్డు మీద పనిచేసేవారికి అది పెన్నిధి. ఎందుకంటే ఒడ్డు ఒక చోట ఉండదు. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతల నీళ్లు చేరాక మధ్య మానేరు జలాశయం దగ్గర నిన్నటి ఒడ్డు నేడు నీటి కింద ఉంది. అక్కడి చెట్లు గడుల్లోంచి మాయమైతే అది ముంపు. చెట్లు ఎండాయన్న ఖాతాలో దాన్ని వేయకూడదు. ముందు నీటి అంచును ప్రతి తేదీకీ కొత్తగా గీసుకుని, ఆ తర్వాతే పచ్చదనం లెక్కకు పోవాలి.

పచ్చగా ఉన్నదంతా మంచిదేనా?

ఒడ్డు అంకె పదేళ్లలో పెరిగిందని మ్యాపు చూపిస్తే సంబరపడటం సహజం. ఈ పనిలో చేయి తిరిగినవారు అక్కడే అనుమానపడతారు. సర్కారు తుమ్మ ఎంత కరువులోనైనా పచ్చగా నిలబడుతుంది; వేళ్లు లోతుకు పోతాయి, పక్క మొక్కను బతకనివ్వదు. మద్ది, నేరేడు పోయి సర్కారు తుమ్మ వస్తే అంకె తగ్గకపోవచ్చు, వేసవిలో పెరగవచ్చు కూడా. మురుగు చేరిన మడుగులో గుర్రపుడెక్క పరుచుకుంటే ఎన్‌డీవీఐ తోటను మించిపోతుంది. నీళ్లు నిలిచిన చోట జమ్ము కమ్మినా అంతే.

వీటిని విడదీసే ఉపాయాలు చూడముచ్చటగా ఉంటాయి. గుర్రపుడెక్క గాలికి కదులుతుంది. పది రోజుల తేడాతో రెండు చిత్రాలు పెడితే ముద్ద చోటు మారి ఉంటుంది. చెట్టు కదలదు. జమ్ము నీటి అంచును అంటిపెట్టుకుని, నీళ్లు తగ్గితే ఎండుతుంది. సర్కారు తుమ్మ ఏడాది పొడవునా అంకెను పెద్దగా మార్చదు. మద్ది ఆకు రాల్చి, తొడిగి, ఏటా ఒక లోయా ఒక శిఖరం గీస్తుంది. ఒక్క చిత్రంలో ఒకేలా కనబడే మొక్కలు ఏడాది గీతలో వేరవుతాయి. చిత్రం ముఖం చూపిస్తే, ఏడాది గీత నడవడి చూపిస్తుంది.

ఈ అనుమానం విలువ అమెరికా నైరుతి నదుల దగ్గర బాగా తెలిసొచ్చింది. అక్కడ ఒడ్లను కమ్మేసిన పరాయి మొక్క టామరిస్క్. దాన్ని తినే ఒక పెంకు పురుగును 2001లో బయట వదిలారు. పురుగు పాకిన కొద్దీ మైళ్లకొద్దీ ఒడ్డు పచ్చదనం పడిపోవడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. అంకె మాత్రమే చూసేవారికి నదికి జబ్బు చేసినట్టే. కలుపు తగ్గిందని సంతోషించినవారూ ఉన్నారు, ఆ పొదల్లో గూడు కట్టే పక్షుల కోసం ఆందోళన పడినవారూ ఉన్నారు. అదే ప్రాంతంలో 2014 మార్చి 23న కొలరాడో నది డెల్టాకు, మెక్సికో వైపు, ఎండిన పాయలోకి నీళ్లు వదిలారు. ఆ ఏడాది ఒడ్డు పచ్చబడిందని లాండ్‌శాట్ చిత్రాలు చూపాయి. తర్వాతి ఏళ్లలో ఆ పచ్చదనం తగ్గింది. పచ్చదనానికి కారణం నీరు అని తేల్చిన పరీక్ష అది. ఒక్కసారి వదిలితే చాలదని కూడా అదే చెప్పింది.

కనిపించని చాకిరి

మ్యాపు చూసేవారికి కనిపించని పని ఇంకా చాలా ఉంది. ఉపగ్రహానికి చేరేలోగా కాంతికి గాలిలోని దుమ్ము, ఆవిరి అడ్డం వస్తాయి. ఆ వాటా తీసేసి నేల నుంచి వచ్చిన కాంతిని మాత్రమే మిగల్చాలి. కంటికి ఆనని పలచని ఎత్తు మబ్బు ఇంకో బెడద. సెంటినెల్-2 కెమెరాలో దానికోసమే 1.375 మైక్రాన్ల దగ్గర ఒక పట్టీ ఉంది. ఆ కాంతిని కింది గాలిలోని నీటి ఆవిరి పూర్తిగా పీల్చేస్తుంది గనక నేల కనబడదు. పైన తేలే పలచని మబ్బు మాత్రమే మెరుస్తుంది. నేలను చూడటానికి పంపిన కెమెరాలో నేల కనబడని పట్టీ ఒకటి పెట్టుకోవడం తయారుచేసినవారి ముందుచూపు.

తర్వాతిది రెండు తేదీల చిత్రాలను ఒకదాని మీద ఒకటి పరచడం. ఐదు మీటర్లు జరిగితే పెద్ద అడవికి ఏమీ కాదు. వాగు వరుసకు మాత్రం నిరుడు చెట్టు మీద ఉన్న గడి ఈసారి ఇసుక మీద పడుతుంది. చెట్టు చచ్చిందని లెక్క వస్తుంది, చెట్టు అక్కడే ఉంటుంది. అందుకే వంతెనలు, చెరువు కట్టల మూలలు, రోడ్ల కూడళ్లు పట్టుకుని చిత్రాలను సరిచూస్తారు. విసుగు పుట్టించే పని. ఒడ్డు మ్యాపు నిజం అబద్ధం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

వానాకాలంలో మబ్బు తొలగదు. అప్పుడు రాడారే దిక్కు. 2014 నుంచి సెంటినెల్-1 ఉపగ్రహాలు మబ్బుల్లోంచి చూస్తున్నాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఇంకో మెట్టు. అమెరికా, భారత్ కలిసి చేసిన ఈ ఉపగ్రహంలో సుమారు 24 సెంటీమీటర్ల తరంగం పంపే రాడారూ, ఇస్రో చేసిన పొట్టి తరంగపు రాడారూ ఉన్నాయి. పొడుగు తరంగం ఆకును దాటి కొమ్మనూ మొద్దునూ తాకుతుంది. చెట్ల కింద నీళ్లుంటే నీటి మీదా మొద్దు మీదా తగిలి గట్టిగా తిరిగొస్తుంది. వరద వచ్చినప్పుడు ఒడ్డు చెట్ల మొదళ్లు ఎన్ని రోజులు మునిగి ఉన్నాయన్నది ఇక ఆకు కప్పు కింద దాగదు.

ఈ పనికి మన ఇంటి ముంగిటే ఒక పాఠశాల ఉంది. 1974లో హైదరాబాదులో పుట్టిన జాతీయ దూరసంవేదన సంస్థ 2008లో ఇస్రోలో భాగమై ఎన్‌ఆర్‌ఎస్‌సీ అయింది. షాద్‌నగర్ దగ్గరి దాని కేంద్రం 1979 నుంచి ఉపగ్రహాల మాట వింటోంది. 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఏ పైకెళ్లాక మన చిత్రాలు మనమే తీసుకోవడం మొదలైంది. ఇప్పుడు ఇస్రో భువన్ వెబ్ వేదిక మీద ఎవరైనా తమ ఊరి వాగును వెతుక్కోవచ్చు.

నడిచినవారి సాక్ష్యం

ఎన్‌ఆర్‌ఎస్‌సీ పాత రోజుల్లో జరిగిన ఒక సంగతి ఈ రంగంలో అందరూ తెలుసుకోవలసినది. 1980 తొలి ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూసి హైదరాబాదు సంస్థ దేశంలో అడవి 14 శాతం దగ్గర ఉందంది. దాదాపు అదే కాలపు చిత్రాలు చూసి ఫారెస్ట్ సర్వే 19.5 శాతం దగ్గర అంది. తేడా చిత్రాల్లో లేదు, ఏది అడవి అని గీత గీసిన కళ్లలో ఉంది. పలచని అడవిని ఒకరు ఒక పక్కకు, ఇంకొకరు మరో పక్కకు పెట్టారు. తర్వాత రెండు సంస్థలూ తమ లెక్కలను దగ్గర పెట్టుకుని సరిచూసుకున్నాయి.

ఆ పాఠం నుంచి వచ్చిందే నేల మీది సాక్ష్యానికున్న గౌరవం. మ్యాపు వేసినవారు వందల చోట్లను యాదృచ్ఛికంగా ఎంచుతారు. రోడ్డు పక్కన ఉన్నవో, తేలిగ్గా చేరగలిగేవో ఏరుకోకూడదు. ఒక్కో చోటికి వెళ్లి ఏ చెట్టు, ఎంత కప్పు, ఆకు ఎలా ఉందో రాసుకుంటారు. తిరిగొచ్చి మ్యాపు చెప్పినదాన్నీ నేల చెప్పినదాన్నీ ఎదురెదురుగా పట్టికలో పెడతారు. మద్దిని మామిడి అన్నది ఎన్నిసార్లు, సర్కారు తుమ్మను కానుగ అన్నది ఎన్నిసార్లు అన్నీ ఆ పట్టికలో బయటపడతాయి. ఎవరూ అడగకముందే తన తప్పుల లెక్క తానే అచ్చువేసుకునే పనులు లోకంలో తక్కువ. ఈ పట్టిక లేని మ్యాపు ఎంత రంగులమయమైనా నమ్మదగ్గది కాదు.

వీర్నపల్లి వంటి చోట ఆ సాక్ష్యం చెప్పగలవారికి కొదవ లేదు. వాగు వెంట ఏ ఈతచెట్టు ఏ ఏడు పారిందో, ఏది చేవ తగ్గిందో గీత కార్మికుడు చెట్టు చెట్టుకూ చెబుతాడు. ఏ మడుగు ఏ నెలలో ఎండుతుందో తండాలో పశువులు కాసేవారికి తెలుసు. ఉపగ్రహం ఇచ్చే అంకెకు పేరు పెట్టగలిగేది వీళ్లే. వాళ్లు చెప్పిన చెట్టు పేరు, చోటు, తేదీ పట్టికలోకి ఎక్కినప్పుడు మ్యాపు బలపడుతుంది.

2015లో మొక్కలు నాటే హరితహారం పథకం మొదలైనప్పటి నుంచి పచ్చదనం లెక్కలు ఊరి చర్చలోకి కూడా వచ్చాయి. రేపు ఏ అధికారో, ఏ సంస్థో మానేటి ఒడ్డు పచ్చబడిందనో చిక్కిపోయిందనో ఒక మ్యాపు తెచ్చి పెడితే, చూసేవారు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఇది ఏ నెల చిత్రం? గడి పెద్దదా, ఒడ్డు వరుస పెద్దదా? ఆ పచ్చదనం ఏ చెట్టుది? నడిచి చూసిందెవరు, ఎన్నిచోట్ల తప్పు తేలింది? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబున్న మ్యాపును ఒడ్డు మీద పెట్టే ప్రతి రూపాయికీ ఆధారంగా తీసుకోవచ్చు. జవాబు లేనిదాన్ని, ఎంత అందంగా ఉన్నా, తిప్పి పంపి మళ్లీ చేయమనాలి.